192.168 ఇంట్లో, 100.64 వీధిలో: రౌటర్ నంబర్లు చెప్పే సంగతులు

ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్ తెరిచి, కనెక్ట్ అయి ఉన్న పేరు మీద నొక్కండి. ఐపీ అడ్రస్ అంటూ చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు కనిపిస్తాయి. 192.168.1.7, 192.168.29.45, 10.0.0.12 ఇలా ఏదో ఒకటి. నెట్ ఆగిపోతే ఇంటిల్లిపాదీ రౌటర్ ముందు చేరి ఎర్ర లైటు వెలుగుతోందా, పచ్చ లైటు మిణుకుమంటోందా అని చూస్తారు. లైటు చెప్పేది తక్కువ. ఈ నంబరు, అందులోనూ మొదటి రెండు అంకెలు, చెప్పేది చాలా ఎక్కువ. తప్పు ఫోన్‌లో ఉందా, రౌటర్‌లో ఉందా, కంపెనీ వైపు ఉందా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. 1981 సెప్టెంబరులో ఖరారైన ఐపీ నాలుగో వెర్షన్‌లో అడ్రసుకు 32 బిట్లు. అంటే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 అడ్రసులు. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది కనుక తలకొకటి కూడా రాదు. మనిషికో ఫోను, ఇంటికో టీవీ, ల్యాప్‌టాప్, ప్రింటర్, కెమెరా అని లెక్కేస్తే అసలు సరిపోదు. ఈ కరువు వస్తుందని ఇంజినీర్లకు 1990ల మొదట్లోనే అర్థమైంది. అందుకే 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రంలో మూడు రేంజులను ప్రైవేట్ వాడకానికి పక్కన పెట్టారు. 10తో మొదలయ్యేవన్నీ ఒకటి. ఇందులో 1 కోటి 67 లక్షల 77 వేల 216 అడ్రసులు. 172.16 నుంచి 172.31 దాకా ఇంకొకటి. 10 లక్షల 48 వేల 576. 192.168తో మొదలయ్యేవి మూడోది, 65,536. మూడూ కలిపినా మొత్తం అడ్రసుల్లో అర శాతం లేదు. ఆ అర శాతం లోపు ముక్కనే ప్రపంచంలోని ఇళ్లూ ఆఫీసులూ అన్నీ మళ్లీ మళ్లీ వాడుకుంటున్నాయి.

ప్రతి అపార్టుమెంటులోనూ ఫ్లాట్ నంబరు 101 ఉన్నట్టే, లక్షల ఇళ్లలో 192.168.1.7 ఉంటుంది. గేటు దాటాక ఆ నంబరుకు విలువ లేదు. బయటికి వెళ్లే ప్రతి సమాచారం మీదా రౌటర్ లోపలి నంబరు చెరిపి తన బయటి నంబరు రాస్తుంది, జవాబు వచ్చాక తిరిగి ఎవరిది వాళ్లకు ఇస్తుంది. ఈ పనికి నాట్ అని పేరు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి గోదాములో అడ్రసులు అయిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి మన దేశం కూడా ఉన్న ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ తన చివరి బ్లాకుకు చేరింది. నాట్ లేకపోయి ఉంటే మన వీధుల్లో ఫైబర్ వేసేవాళ్లు అప్పుడే చేతులెత్తేసేవాళ్లు.

10తో మొదలయ్యే అంత పెద్ద రేంజ్ ఖాళీగా ఎలా దొరికిందని ఎవరికైనా అనుమానం రావచ్చు. అది ఇంటర్నెట్‌కు తాత అయిన అర్పానెట్ నంబరు. 1990లో అర్పానెట్‌ను మూసేశారు కాబట్టి నంబరు మిగిలింది. ఇలా ఒకే నంబరును అందరూ వాడుకోవడం అప్పట్లో అందరికీ నచ్చలేదు. 1994 మార్చిలో ఈ ఆలోచన మొదటిసారి పత్రంగా రాగానే, జులైలో దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తూ ఆర్‌ఎఫ్‌సీ 1627 వచ్చింది. ఒకే నంబరు రెండు చోట్ల ఉంటే, రేపు ఆ రెండు చోట్లనూ కలపాల్సి వచ్చినప్పుడు గొడవ తప్పదన్నది వాళ్ల వాదన. ఆ పత్రం రాసినవారిలో ఒకరైన ఎలియట్ లియర్ పేరు రెండేళ్ల తర్వాత 1918 పత్రం రచయితల్లోనూ కనిపిస్తుంది. అవసరం అలాంటిది. కానీ వాళ్లు భయపడిన గొడవ నిజమే. మన ఇళ్లలో రౌటర్ తిప్పలు చాలా మటుకు ఆ గొడవకు పిల్లలే.

169.254 కనిపిస్తే

అన్నిటికన్నా తేలిగ్గా గుర్తుపట్టగలిగేది ఇదే. రౌటర్‌లో డీహెచ్‌సీపీ అనే విభాగం అడ్రసులు పంచుతుంది. ల్యాప్‌టాప్ ఆన్ కాగానే "నాకో నంబరు ఇవ్వండి" అని కేక వేస్తుంది. జవాబు రాకపోతే కాసేపు చూసి, 169.254తో మొదలయ్యే నంబరు ఒకటి తనకు తానే పెట్టుకుంటుంది. అంటే 169.254 రౌటర్ ఇచ్చిన అడ్రసు కాదు, రౌటర్ పలకలేదన్న కబురు. ఇది చూసి నెట్ కంపెనీకి ఫోన్ చేయడం దండగ. సమస్య మీ పరికరానికీ రౌటర్‌కూ మధ్యనే ఉంది. కేబుల్ వదులుగా ఉండొచ్చు, రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి ఉండొచ్చు, లేదా పంచడానికి అడ్రసులు మిగలకపోయి ఉండొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం 169.254 చూపించకుండా "ఐపీ అడ్రస్ పొందుతోంది" దగ్గరే తిరుగుతూ ఉండిపోతాయి. రోగం అదే.

అడ్రసులు మిగలకపోవడమేమిటి? ఇంటి రౌటర్‌లో సబ్‌నెట్ మాస్క్ సాధారణంగా 255.255.255.0 ఉంటుంది. అంటే చివరి అంకె ఒక్కటే మారుతుంది. 0 నుంచి 255 వరకు 256 నంబర్లు. మొదటిది నెట్‌వర్క్‌కు, చివరిది అందరినీ ఒకేసారి పిలవడానికి పోతే 254. రౌటర్ తనకొకటి ఉంచుకుంటే మిగిలేవి 253. అయితే రౌటర్లన్నీ ఆ 253నీ పంచవు. చాలా వాటిలో 100 నుంచి 199 దాకా అని ముందే గీత గీసి ఉంటుంది. అంటే నూరు మాత్రమే. నలుగురున్న ఇంటికి నూరు ధారాళం. అమీర్‌పేటలో ఒక హాస్టల్ ఉందనుకుందాం. 80 మంది పిల్లలు, మనిషికి ఫోనూ ల్యాప్‌టాపూ. 160 పరికరాలు, 100 అడ్రసులు. పొద్దున ముందు లేచినవాళ్లకు నెట్ వస్తుంది, ఆలస్యంగా లేచినవాళ్లకు రాదు. లీజు గడువు, అంటే ఇచ్చిన నంబరు ఒకరి పేరిట ఉండే కాలం, 24 గంటలైతే, నిన్న వచ్చి వెళ్లిపోయిన చుట్టం ఫోన్ నంబరు కూడా ఇవాళ అదే వేళ దాకా రౌటర్ పట్టుకునే ఉంటుంది. ఇలాంటి చోట రెండు పనులు చేయాలి. పంచే రేంజును 2 నుంచి 254 దాకా పెంచాలి, లీజును రెండు గంటలకు తగ్గించాలి. అదీ చాలకపోతే మాస్కును 255.255.254.0గా మార్చితే 510 దాకా వస్తాయి. కానీ అంతమందిని ఒక్క ఇంటి రౌటర్ మోయలేదు. అక్కడ అడ్రసు కన్నా పెట్టె చిన్నదవుతుంది.

ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసు, అంటే పరికరానికి ఫ్యాక్టరీలో ఇచ్చే గుర్తింపు నంబరు, చెప్పకుండా ఒక్కో వైఫైకి ఒక్కో మారు పేరు చెబుతున్నాయి. నిఘా నుంచి కాపాడటానికి ఇది మంచిదే. ఫోన్‌కు ఎప్పుడూ ఒకే నంబరు రావాలని రౌటర్‌లో రిజర్వేషన్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఇది తలనొప్పి. రౌటర్ జాబితాలో ఆ మ్యాక్ అడ్రసు రెండో అక్షరం 2, 6, ఏ (A), ఈ (E) అనే నాలుగింటిలో ఏదైనా అయితే అది మారు పేరని గుర్తు.

ఒకే ఇంట్లో రెండు పెట్టెలు

నేను చూసినంతలో ఎక్కువ ఇళ్లలో అసలు గొడవ ఇక్కడే. ఫైబర్ కంపెనీ వాళ్లు ఒక పెట్టె బిగిస్తారు. అదే మోడెమ్, అదే రౌటర్, వైఫై కూడా దాన్నుంచే. హాల్లో బాగుంటుంది, వెనక గదిలో సిగ్నల్ ఉండదు. దాంతో బజారుకెళ్లి ఇంకో రౌటర్ కొని తెస్తారు. రెంటికీ కేబుల్ కలుపుతారు. ఇక కథ మొదలు.

కొత్త రౌటర్‌కు బయటి వైపుదైన వ్యాన్ పోర్టులో కేబుల్ పెట్టారనుకోండి. కంపెనీ పెట్టె అడ్రసు 192.168.1.1. కొత్త రౌటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడ్రసు కూడా 192.168.1.1. ఇప్పుడు కొత్త రౌటర్‌కు బయటి వైపు 192.168.1 వీధి, లోపలి వైపు కూడా 192.168.1 వీధి. సమాచారం ఎటు పంపాలో దానికి తెలియదు. వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది, నెట్ రాదు. కొన్ని రౌటర్లు ఈ ఢీ గుర్తించి తమ అడ్రసు వాటంతట అవే మార్చుకుంటాయి. అప్పుడు నెట్ వస్తుంది గానీ, పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రసు కొడితే సెట్టింగ్స్ పేజీ తెరుచుకోదు, లేదా కంపెనీ పెట్టె పేజీ తెరుచుకుంటుంది. పాస్‌వర్డు సరిగ్గానే కొడుతున్నా తప్పంటుంది. తలుపే వేరు కదా. మందు చిన్నది. కొత్త రౌటర్‌ను ముందు కంపెనీ పెట్టెకు కలపకుండా ఆన్ చేసి, ల్యాన్ అడ్రసును, అంటే లోపలి వైపు అడ్రసును, 192.168.50.1గా మార్చి, ఆ తర్వాత కేబుల్ పెట్టాలి. సేవ్ నొక్కగానే పేజీ గడ్డకట్టుకుపోతుంది, కంగారు పడకండి. రౌటర్ కొత్త చిరునామాకు మారిపోయింది. వైఫై ఒకసారి ఆపి పెట్టి, ఈసారి కొత్త నంబరు కొట్టాలి.

కేబుల్‌ను వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెడితే గొడవ వేరు, పట్టుకోవడం కూడా కష్టం. ఇప్పుడు ఇంట్లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరు. ఫోన్ కేక వేస్తే ఎవరు ముందు పలికితే వాళ్ల నంబరే దానికి. కంపెనీ పెట్టె పలికితే 192.168.1.23 వస్తుంది, నెట్ పనిచేస్తుంది. ఈసారి కొత్త రౌటర్ ఫ్యాక్టరీ అడ్రసు 192.168.0.1 అనుకుందాం. అది పలికితే 192.168.0.105 వస్తుంది, బయటికి దారి చూపే గేట్‌వే 192.168.0.1 అని చెబుతుంది. ఆ గేట్‌వేకు బయటికి దారే లేదు. అందుకే అమ్మ ఫోన్‌లో నెట్ వస్తుంది, నాన్న ఫోన్‌లో రాదు. వైఫై ఆపి పెడితే ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. ప్రింటర్ ఒక వీధిలో, ల్యాప్‌టాప్ ఇంకో వీధిలో పడతాయి, ఒకదానికొకటి కనిపించవు. ఇంట్లో రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి నంబర్లు చూడండి. మూడో అంకె వేరుగా ఉంటే, పంచేవాళ్లు ఇద్దరున్నట్టే. కొత్త రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి, దాని అడ్రసును 192.168.1.2 లాంటి, కంపెనీ పెట్టె పంచే రేంజులో లేని నంబరుకు మార్చితే సరి. అది ఇక వైఫై వెదజల్లే పెట్టె మాత్రమే. ఇప్పటి రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒక్క మీట ఈ పనంతా చేస్తుంది.

పంచే రేంజు మాటెత్తాం కాబట్టి సీసీ కెమెరాల సంగతి. కెమెరా డబ్బాలు తమ నంబరు తామే ముందే పెట్టుకుని వస్తాయి. దావా కంపెనీ కెమెరాలకు ఫ్యాక్టరీ అడ్రసు 192.168.1.108, హైక్‌విజన్‌కు 192.168.1.64. రౌటర్ 100 నుంచి 199 దాకా పంచుతుంటే 108 ఏదో ఒక రోజు ఎవరో ఒకరి ఫోన్‌కు వెళ్తుంది. ఆ రోజు ఆ ఫోనూ కెమెరా పోట్లాడుకుంటాయి. ఆ ఫోన్ ఆఫీసుకెళ్లగానే కెమెరా బాగైపోతుంది. పగలు పనిచేసి రాత్రి ఆగిపోయే కెమెరాను మెకానిక్కు చూపించడం కాదు, ముందు ఈ నంబరు చూడాలి. కెమెరాను 192.168.1.10 లాంటి, రేంజుకు బయటి నంబరుకు మార్చండి.

చేతి తప్పులూ తక్కువ కావు. 192.168 బదులు 192.186 అని, 192.169 అని పెట్టేస్తారు. అవి ప్రైవేట్ రేంజులు కావు, ఎవరివో అసలు అడ్రసులు. 172 విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 172.31 దాకానే మనది, 172.32 ఎవరిదో. అలాంటిది లోపల పెట్టుకుంటే నెట్ అంతా బాగానే ఉంటుంది. ఆ నంబరున్న నిజమైన సైట్లు మాత్రం ఎప్పటికీ తెరుచుకోవు.

ఆఫీసు వీపీఎన్ కలిసింది, సర్వర్ కనిపించదు

ఆర్‌ఎఫ్‌సీ 1627 వాళ్లు హెచ్చరించింది అచ్చంగా ఇదే. ఇంట్లో 192.168.1. చిన్న ఆఫీసులో కూడా ఎవరో టెక్నీషియన్ ఫ్యాక్టరీ సెట్టింగ్ మార్చకుండా 192.168.1 వదిలేశాడు. ఫైల్ సర్వర్ 192.168.1.20. ఇంటి నుంచి వీపీఎన్ కలిపి ఆ నంబరు కొడితే ల్యాప్‌టాప్ ఏమనుకుంటుంది? ఇది మన వీధి నంబరే కదా అనుకుని, వీపీఎన్ సొరంగంలోకి పంపకుండా ఇంట్లోనే వెతుకుతుంది. ఇంట్లో 20 లేదు. వీపీఎన్ మాత్రం "కనెక్టెడ్" అని పచ్చగా మెరుస్తూనే ఉంటుంది. ఒక్కోసారి ఇంట్లో 20 అనే నంబరు స్మార్ట్ టీవీకి పడి ఉంటుంది. అప్పుడు ఆఫీసు ఫైళ్లు టీవీని అడుగుతున్నట్టు.

192.168లో మూడో అంకె 0 నుంచి 255 వరకు ఏదైనా కావచ్చు. రెండు చోట్లా యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఢీకొనే అవకాశం 256లో ఒకటే. 10తో మొదలయ్యే రేంజులో ఎంచుకుంటే 65,536లో ఒకటి. అయినా ఇంతమంది ఢీకొంటున్నారంటే కారణం తెలిసిందే, అందరూ 0 దగ్గరో 1 దగ్గరో ఆగిపోయారు. ఆఫీసు నంబర్లు మార్చమని అడగడం కన్నా ఇంటి రౌటర్‌ను 10.73.41.1 అనో, 192.168.183.1 అనో మార్చుకోవడం తేలిక. 43, 137 వద్దు. పాత ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్ 192.168.43, విండోస్ హాట్‌స్పాట్ 192.168.137 వాడుకుంటాయి. ఐఫోన్ హాట్‌స్పాట్ 172.20.10 వాడుతుంది. అందులో ఉన్నదే 16 నంబర్లు, కలపగలిగేది 13 పరికరాలకు మించదు. ఐటీ వాళ్లకు ఇంకో మాట. మీ ల్యాప్‌టాప్‌లో డాకర్ ఉంటే 172.17 మొత్తం దానిదే. ఆఫీసు కూడా 172.17లోనే ఉంటే తప్పు రౌటర్‌ది కాదు.

100.64 అంటే మీ చేతిలో లేదు

ఇంటి లోపల అంతా సరిగ్గా ఉన్నాక రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అనే నంబరు చూడాలి. ఆ తర్వాత బ్రౌజర్‌లో మీ ఐపీ చూపించే సైటు ఏదైనా తెరిచి అక్కడి నంబరు చూడాలి. రెండూ ఒకటే అయితే మీకు సొంత పబ్లిక్ ఐపీ ఉన్నట్టు. వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే ఇంట్లోనే రెండు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి నాట్ చేస్తున్నాయి. 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్యలో ఉన్నా చాలావరకు అది కంపెనీ వాళ్ల నాట్. ఇళ్లకు పబ్లిక్ ఐపీలు చాలక, వాళ్లే ఓ పెద్ద నాట్ పెట్టి వందల ఇళ్లను కొద్ది అడ్రసుల వెనక నిలబెడతారు. దీన్నే సీజీనాట్ అంటారు. ఇందుకోసమే 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ఈ 41 లక్షల 94 వేల 304 అడ్రసులను కేటాయించింది. ఇంటివాళ్లు ఇప్పటికే వాడేస్తున్న మూడు రేంజులతో ఢీకొనకూడదనే కొత్త రేంజు ఇచ్చారు. గమనించండి, 100.63 గానీ 100.128 గానీ ఇందులోవి కావు.

దీనివల్ల యూట్యూబ్‌కు, వాట్సాప్‌కు ఏ లోటూ ఉండదు. ఒక అడ్రసుకు 65,536 పోర్టులు, అంటే కనెక్షన్లను వేరుచేసే నంబర్లు, ఉంటాయి. 64 ఇళ్లకు సమానంగా పంచితే ఇంటికి 1,024. మామూలు వాడకానికి చాలు. పరికరాలు చాలా ఉండి, అన్నీ ఒకేసారి బోలెడు కనెక్షన్లు తెరిస్తే మాత్రం కొన్ని పేజీలు సగంలో ఆగిపోతాయి. మీరు ఏ తప్పూ చేయకపోయినా సైట్లు "మీరు రోబో కాదని చూపండి" అని అడుగుతుంటాయి. ఆ అడ్రసు వెనక ఇంకో ఇంటివాళ్లు చేసిన అల్లరి మీ ఖాతాలో పడింది.

అసలు దెబ్బ బయటి నుంచి లోపలికి రావాలనుకునేవాళ్లకు. ఊళ్లో అమ్మానాన్నలున్న ఇంటికి కెమెరా పెట్టించి, డల్లాస్ నుంచో హైదరాబాద్ నుంచో చూద్దామనుకునే పిల్లలు రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెడతారు. ఎన్నిసార్లు పెట్టినా పనిచేయదు. తలుపు తీసింది ఇంటి రౌటర్‌లో, తాళం ఉన్నది కంపెనీ నాట్‌లో. వ్యాన్ ఐపీ ఒక్కసారి చూసి ఉంటే ఆ శ్రమ తప్పేది. నెలకు కొంత అదనంగా కట్టి స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగడం ఒక దారి. కెమెరా కంపెనీ యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, వాళ్ల సర్వర్ మీదుగా చూడటం ఇంకో దారి. ఇందులో కెమెరాయే లోపలి నుంచి బయటికి కనెక్షన్ తెరుస్తుంది కాబట్టి నాట్ అడ్డు రాదు. కాకపోతే మీ వరండా దృశ్యం ఎవరి సర్వర్ మీదుగా వెళ్తోందో ఆలోచించుకోవాలి.

మూడో దారి ఐపీవీ6. అందులో అడ్రసుల కరువు లేదు, ఇంట్లో ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రసు వస్తుంది. ఇది నెట్ సగం ఆగిపోయినప్పుడు ఒక ఆనవాలుగానూ పనికొస్తుంది. యూట్యూబ్, గూగుల్ వస్తూ వేరే కొన్ని సైట్లు మాత్రం రాకపోతే, ఐపీవీ6 నడుస్తోంది, పాత నాలుగో వెర్షన్ దారి తెగిందని అనుమానించాలి. కెమెరా విషయానికొస్తే, రౌటర్‌లోని ఫైర్‌వాల్ బయటి నుంచి వచ్చేవాటిని మామూలుగా ఆపేస్తుంది కనుక ఆ ఒక్క కెమెరాకు అనుమతి ఇవ్వాలి. చూసేవాళ్ల వైపు కూడా ఐపీవీ6 ఉండాలి. డల్లాస్‌లో అబ్బాయి ఫోన్ నెట్‌లో అది ఉండి ఆఫీసు వైఫైలో లేకపోతే, కార్లో కూర్చున్నప్పుడు కనిపించిన కెమెరా ఆఫీసులోకి వెళ్లగానే కనిపించదు. అప్పుడు ఊళ్లో రౌటర్‌ను ముట్టుకోనక్కర్లేదు, వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడమంటే చాలు.